తోర్కాసా వాలు దిగిన రోజు

బ్రేకు పెడల్ ఎక్కడా ఆగకుండా దిగిపోయి నేలను తాకింది. ఎవేలియో కాలు తీసి మళ్ళీ తొక్కాడు. దూదిబస్తాను తొక్కినట్టుంది.

ఎదుట లా కుచిల్లా ఊరి వాలు. పైన చర్చి, అడుగున బెల్లం గానుగ, మధ్యలో గోడకు ఆనించిన నిచ్చెనలా ఒకే ఒక్క వీధి. ఆ వీధిలో అతని పికప్పు బండికి ముందు బ్యాండు మేళం నడుస్తోంది. మేళంలో అందరికంటే వెనక పెద్ద డోలు మోసే లావుపాటి మనిషి ఉన్నాడు. అతని వీపు మెల్లగా దగ్గరవుతోంది.

పికప్పు వెనక తొట్టిలో డ్రైవర్లను కాచే కార్మెలు మాత నిలబడి ఉంది. మనిషెత్తు విగ్రహం, రాతి పీఠం. అది కదలకుండా ఒకవైపు ఎవేలియో భార్య నూబియా, మరోవైపు మెకానిక్ విల్మార్ పట్టుకున్నారు. ముందు సీట్లో ఎవేలియో పక్కన అతని అత్తగారు దోన్య ఒఫేలియా జపమాల తిప్పుతోంది. ఆ పక్కన ఫాదర్ ఎరిబెర్తో కిటికీలోంచి చెయ్యి చాచి జనం మీద తీర్థజలం చిలకరిస్తున్నాడు.

"అల్లుడూ, కాస్త నెమ్మదిగా పోనీ. మాత కిరీటం ఊగుతోంది," అంది ఒఫేలియా.

"నేను పోనివ్వడం లేదు అత్తయ్యా. అదే పోతోంది."

"బ్రేకు తొక్కు."

"తొక్కాను."

"మరి కొత్త బ్రేకులన్నావుగా?"

ఎవేలియో పెడల్‌ను మళ్ళీ రెండుసార్లు తొక్కాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"ఆయన వచ్చాడు," అన్నాడు చివరికి.

"ఎవరొచ్చారు?" అన్నాడు ఫాదర్.

"మామయ్య."

తీర్థజలం చిలకరిస్తున్న చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఎందుకంటే దోన్ అబెలార్దోను కిందటి క్రిస్మస్‌కు ముందే సమాధి చేశారు. సమాధి చేసింది ఆ చెయ్యే.

ఆ ఉదయం ఎవేలియో అనుకున్నది చాలా చిన్న పని. పూజ అయ్యాక మాతను బండి ఎక్కించుకోవాలి, వాలు దిగి గానుగ పక్కనున్న చిన్న మందిరంలో దింపాలి, ఇంటికొచ్చి చిక్కుడుగింజలూ వేయించిన పంది మాంసమూ తిని పడుకోవాలి. జూలై పదహారు డ్రైవర్ల పండగ. ఏటా ఇంతే. ముందు మాత బండి, దాని వెనక ఊళ్ళో చక్రాలున్న ప్రతిదీ బెలూన్లు కట్టుకుని హారన్లు కొడుతూ దిగుతుంది.

మాత బండి అంటే తోర్కాసా. ఆ మాటకు అడవి పావురమని అర్థం. రంగు అదే కాబట్టి దోన్ అబెలార్దో దానికి ఆ పేరు పెట్టి, తలుపు మీద ఆ పేరూ ఒక పావురం బొమ్మా తనే వేసుకున్నాడు. గానుగ నుంచి సంతకు బెల్లం మోస్తూ మోస్తూ ఆయనా అదీ కలిసే ముసలివాళ్ళయ్యారు. ఏటా మాతను దించే గౌరవం ఆ బండిదే. ఇంకొకరి బండి సంగతి అడగాలని కూడా ఎవరికీ తోచేది కాదు.

మంచాన పడ్డాక ఆయన ఊరి పద్ధతి ప్రకారం కావలసినవాళ్ళను ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి తలుపు వేయించాడు. లా కుచిల్లాలో చావుమంచం దగ్గర అన్న మాట గది దాటదు. మొగుడు పెళ్ళానికి చెప్పడు, పెళ్ళాం మొగుణ్ణి అడగదు. ఆ మాట తప్పినవాణ్ణి వెతుక్కుంటూ చచ్చినవాడు తిరిగొస్తాడని అక్కడ పాలు మరవని పిల్లలకు కూడా తెలుసు.

ఆ రోజు నూబియా గదిలోంచి ఏడుస్తూ వచ్చింది. ఒఫేలియా సిగ్గుపడుతూ వచ్చింది. విల్మార్ తల గోక్కుంటూ వచ్చాడు. ఫాదర్ పెదాలు తుడుచుకుంటూ వచ్చాడు. అందరికంటే చివర వెళ్ళిన ఎవేలియో ముఖం పాలిపోయి వచ్చాడు.

"నాన్న ఏమన్నాడని అడగను గానీ, అంత భయం దేనికి?" అంది నూబియా.

"బండి జాగ్రత్తన్నాడు," అన్నాడు ఎవేలియో. అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు.

బండి అతనిదైంది. పండగనాటికి దాన్ని పెళ్ళికూతుర్ని చేయాలనుకున్నాడు. అందుకు కారణం దోన్ లియోనిదాస్. డ్రైవర్ల సంఘం పెద్ద, ఊళ్ళోకెల్లా మెరిసే ఎర్ర లారీకి యజమాని. "అబెలార్దో ఉన్నన్నాళ్ళూ ఆయన ముఖం చూసి ఊరుకున్నాం. ఆ డొక్కు బండిలో మాతను ఇంకా ఎన్నేళ్ళు ఎక్కిస్తాం?" అని ప్రతి ఆదివారం చర్చి మెట్ల మీద అనడం మొదలుపెట్టాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఒఫేలియా ఇంటికొచ్చి భర్త ఫొటో ముందు కూర్చునేది. ఎవేలియోకు అన్నం దిగేది కాదు.

ముందు పక్క అద్దం మార్చాడు. పాతది ఈ మూల నుంచి ఆ మూలకు చీలి, తీగతో కట్టి ఉండేది. కొత్తది తళతళలాడింది. వారం తిరక్కుండా ఒక ఉదయం బండి దగ్గరకు వెళ్ళి అద్దంలో చూసుకుంటే తన ముఖం రెండు ముక్కలుగా కనిపించింది.

"నూబియా, అద్దం ఎవరు మార్చారు?"

"ఏ అద్దం?"

"బండిది. పాతది తిరిగొచ్చింది."

"అద్దాలు నడిచొస్తాయా? రొట్టె చల్లారిపోతోంది, ముందు తిను."

తిన్నాడు. రుచి తెలియలేదు.

తరువాత హారన్. మూడు బాకాలున్న హారన్ పట్నం నుంచి తెచ్చి విల్మార్ చేత బిగించాడు. కొండ మలుపులో గుడ్లమ్మే ఆవిడ అడ్డొస్తే ఠీవిగా నొక్కాడు. జలుబు చేసిన ఆవు అరిచినట్టు పాత హారన్ మోగింది. గుడ్లావిడ అలవాటు కొద్దీ, తలెత్తకుండానే, "దండాలు దోన్ అబెలార్దో," అంది. అన్నాక ఆయన చచ్చిపోయిన సంగతి గుర్తొచ్చింది. బుట్ట వదిలేసి కొండ దిగి పరుగెత్తింది. గుడ్లు ఆమెకంటే ముందు దిగాయి.

విల్మార్ బండి మూత ఎత్తి చూశాడు. పాత హారన్ ఎప్పుడూ అక్కడే ఉన్నట్టు, తుప్పుతో సహా, కూర్చుని ఉంది.

"అన్నా, ఇది మనుషుల పని కాదు," అన్నాడు విల్మార్, మూత వైపే చూస్తూ.

"నువ్వు బిగించిందే కదా కొత్తది?"

"నేనే బిగించాను. గట్టిగానే బిగించాను. అందుకే చెబుతున్నాను, మనుషుల పని కాదు. నువ్వీ మార్చడాలు ఆపెయ్."

ఎవేలియో ఆపలేదు. ఆపితే మాత ఎర్ర లారీ ఎక్కుతుంది. సీటు మార్చాడు. కొత్త దిండు, కొత్త తొడుగు. పాత సీట్లో మామగారు కూర్చుని కూర్చుని ఆయన ఆకారంలోనే ఒక గుంట పడి ఉండేది. కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం బెల్లం పెట్టెలు ఎక్కించి, ఎక్కి తలుపు వేసుకుని, అలసటగా వెనక్కి వాలాడు. గుంటలోకి దిగిపోయాడు. పొగాకు వాసన చుట్టుముట్టింది. సరిగ్గా మామగారి ఒళ్ళో కూర్చున్నట్టుంది.

తలుపు తీయడం మర్చిపోయి కిటికీలోంచి బయటపడ్డాడు. గానుగలో పనిచేసేవాళ్ళందరూ చూశారు. సాయంత్రానికి ఊరంతా తెలిసింది. మర్నాటికి ఊళ్ళో కోళ్ళు గుడ్లు మానేయడానికీ, పోస్టు బంట్రోతు కాలు బెణకడానికీ కూడా తోర్కాసాయే కారణమైంది.

అప్పుడు ఫాదర్ దగ్గరకు వెళ్ళాడు. పాపాలు ఒప్పుకునే చెక్కగదిలో మోకరించి జరిగిందంతా చెప్పాడు. అవతల చిన్న దగ్గు.

"దోన్ అబెలార్దో మాట నువ్వేమైనా తప్పావా, నాయనా?"

ఎవేలియో కప్పు వైపు చూశాడు. "లేదు ఫాదర్."

"అయితే ప్రార్థన చెయ్. బండికి తీర్థజలం నేను చల్లుతాను. ఇంకా ఏమేం మార్చావు?"

"గేరు కర్రకు కొత్త పిడి పెట్టాను. గాజుది. లోపల గులాబీ పువ్వుంటుంది."

"ఎద్దుకొమ్ము పిడి తీసేశావా?" ఫాదర్ గొంతు ఎందుకో కీచుమంది. "అది... సరే. ప్రార్థన చెయ్."

ఆ సాయంత్రం ఫాదర్ బకెట్‌తో వచ్చి తోర్కాసాను టైర్ల దాకా తడిపాడు. తెల్లవారి ఎవేలియో చూస్తే గాజు పిడి లేదు. ఎద్దుకొమ్ము పిడి ఉంది. దాని మీద తీర్థజలం ఇంకా ఆరలేదు. అంటే ఆ వచ్చినవాడెవడో తీర్థజలంలో తడుస్తూ కూడా చేతిపని పూర్తి చేసుకుని వెళ్ళాడు. ఎవేలియో అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. దేవుడికే భయపడనివాణ్ణి దేనితో ఆపడం?

అప్పటి నుంచీ బండి ఎక్కిన ప్రతిసారీ ఆ మూసిన గదీ, ముసలాయన పొడి గొంతూ, మణికట్టును పట్టుకున్న చల్లటి వేళ్ళూ గుర్తొచ్చేవి. ఆయన అన్న మాట కూడా గుర్తుకు రాబోయేది. రాకముందే ఎవేలియో రేడియో పెట్టేవాడు. బండిలో కొత్తవాటిలో తిరిగి పాతబడకుండా మిగిలింది ఆ రేడియో ఒక్కటే. దాని గొంతు రోజురోజుకూ పెంచుతున్నాడు.

పండగకు ముందు ఆదివారం సంఘం చర్చి ఆవరణలో సమావేశమైంది. లియోనిదాస్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"దోన్య ఒఫేలియా, మీరంటే మాకు గౌరవం. కానీ దయ్యం పట్టిన బండిలో మాతను ఎక్కించలేం."

"నా మొగుడు దయ్యమైతే మొదట మీ ఇంటికే వచ్చేవాడు లియోనిదాస్. నువ్వు ఆయన జాకీ ఇంకా తిరిగివ్వలేదు," అంది ఒఫేలియా.

అందరూ నవ్వారు. లియోనిదాస్ నవ్వలేదు. ఎవేలియో వైపు తిరిగాడు. "దయ్యం సంగతి వదిలేద్దాం. బండి గట్టిదేనా? ఆ వాలు సంగతి తెలుసుగా. బ్రేకుల మాటేమిటి?"

అత్తగారు ఎవేలియోనే చూస్తోంది. నూబియా చూస్తోంది.

"కొత్తవే. పట్నంలో దుకాణం బయట అట్టపెట్టెతో నన్ను నువ్వే చూశావుగా."

"చూశాను," అని ఒప్పుకున్నాడు లియోనిదాస్.

"బ్రేకులు నా చేత వేయించలేదే?" అన్నాడు విల్మార్, మనసు నొచ్చుకుని.

"పట్నంలో వేయించాను తమ్ముడూ. నీకు అప్పటికే భయంగా ఉందిగా."

మాట అక్కడితో తెగింది. తోర్కాసాయే అని తేలింది. ఆ మధ్యాహ్నం ఒఫేలియా చాలా రోజుల తరువాత పాట పాడుకుంటూ వంట చేసింది. ఎవేలియో వెళ్ళి బండికి చివరి పూత రంగు వేశాడు. బ్రష్షు జారి, తలుపు మీద పావురానికి మూడో కన్ను వచ్చింది.

ఇప్పుడు, ఆ మూడు కళ్ళ పావురం వాలు దిగుతోంది.

"చేతి బ్రేకు లాగు," అన్నాడు ఫాదర్.

ఎవేలియో లాగాడు. కర్ర ఊడి చేతిలోకి వచ్చింది. ఏం చేయాలో తెలియక దాన్ని అత్తగారికిచ్చాడు. ఆమె జపమాలతో కలిపి పట్టుకుంది.

వీధికి రెండువైపులా జనం అరుగుల మీద నిలబడి పువ్వులు జల్లుతున్నారు. మాత బండి ఇంత వేగంగా రావడం వాళ్ళు ఎన్నడూ చూడలేదు. కిటికీలోంచి ఫాదర్ రెండు చేతులూ పైకెత్తి ఏదో అరుస్తున్నాడు. దీవిస్తున్నాడనుకున్నారు. దీవెన ఇంత గట్టిగా ఉంటే పువ్వులు గుప్పెళ్ళతో వేస్తే ఏం బాగుంటుందని బుట్టలతో కుమ్మరించారు. ముందు గాజు బంతిపువ్వులతో మూసుకుపోయింది. ఎవేలియో కిటికీలోంచి తల బయటపెట్టి నడపసాగాడు. డోలు మనిషి వీపు ఇప్పుడు చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో ఉంది. అతని మెడ మీది పుట్టుమచ్చ కూడా కనిపిస్తోంది. పండగ మోతలో అతనికి బండి చప్పుడు వినిపించడం లేదు.

"హారన్ కొట్టు," అని అరిచింది ఒఫేలియా.

కొట్టాడు. జలుబు చేసిన ఆవు అరిచింది.

ఊరంతా మోగుతున్న హారన్లలో ఆ ఒక్క గొంతును లా కుచిల్లాలో గుర్తుపట్టనివాడు లేడు. డోలు మనిషి వెనక్కి తిరిగి చూడలేదు. చూడనక్కర్లేదు. చచ్చినవాడు తన వెనకే ఉన్నాడని అతనికి అర్థమైపోయింది. డోలు వదిలేసి మంగలి దుకాణంలోకి దూకాడు. మేళం మొత్తం అరుగులెక్కింది. వదిలేసిన డోలు వాలు మీద ధమధమలాడుతూ బండికి ముందు దొర్లసాగింది.

తొట్టికీ ముందు భాగానికీ మధ్య గాజు లేని కిటికీలోంచి విల్మార్ తల లోపలికి వచ్చింది. కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"అన్నా, చచ్చిపోయేలోగా చెప్పేస్తాను. ఆ హారన్ మార్చింది నేనే."

"నువ్వా?"

"గదిలో మాట తీసుకున్నాడన్నా. మా అల్లుడు బాకాలు పెడతాడు, నువ్వు నా హారన్ మళ్ళీ పెట్టు, ఆ గొంతు వింటేనే జనం పక్కకు తప్పుకుంటారన్నాడు."

ఎవేలియోకు కోపం రావలసింది. వచ్చేలోపు బట్టల దుకాణం మలుపు వచ్చింది. స్టీరింగు బలంగా తిప్పాడు. బండి ఒక పక్కకు ఒరిగింది. అత్తగారు ఫాదర్ ఒళ్ళో పడింది, చేతి బ్రేకు ఫాదర్ పొట్టకు తగిలింది. ఎవేలియో మాత్రం సీటు గుంటలో మేకు కొట్టినట్టు కదలకుండా ఉండిపోయాడు. మామగారి ఒళ్ళు అతన్ని వదలలేదు.

వెనక కిటికీలో ఈసారి నూబియా తల. "ఆ సీటు నేను పెట్టాను. తిట్టకు."

"నువ్వు కూడానా?"

"నాన్న మాట తీసుకున్నాడు. ఆ మలుపులో పట్టి ఉంచేది అదేనన్నాడు. అన్నీ నీ కోసమే అన్నాడు ఆయన. నువ్వంటే ఆయనకెంత ప్రేమో నీకేం తెలుసు?"

"మలుపు అయ్యాక మాట్లాడుకుందామా?"

ఒఫేలియా ఒంటి చేత్తో లేచి కూర్చుంది. పక్క అద్దం వైపు వేలు చూపించింది. "అది నేను పెట్టాను."

"ఎందుకత్తయ్యా?"

"మధ్యాహ్నం అన్నం క్యారేజీ పట్టుకుని నేను దారి వెంట వస్తుంటే ఆయన అందులోనే చూసేవాడట. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు, చచ్చిపోయే రోజు చెప్పాడు. తీయనివ్వకు అన్నాడు."

"ఇది ఇప్పుడా చెప్పేది?"

"ఇంకెప్పుడు చెప్పను? కింద గానుగ గోడ కనిపిస్తోందిగా."

నిజమే, కనిపిస్తోంది. ఎవేలియో చీలిన అద్దంలోకి చూశాడు. అందులో అత్తగారు కనిపించలేదు. లియోనిదాస్ ఎర్ర లారీ కనిపించింది, రెండుగా. మాత బండి తనను వెనక వదిలేసి పోతోందని అతనికి అవమానమైంది. పోనిచ్చాడు. అతన్ని చూసి అతని వెనకున్న జీపులు పోనిచ్చాయి. జీపులను చూసి మోటారు సైకిళ్ళు. ఊరి బండ్లన్నీ బెలూన్లు ఎగరేసుకుంటూ, హారన్లు మోగించుకుంటూ, ఈ ఏడు పద్ధతి మారిందనుకుని వాలు మీద వరదలా దిగుతున్నాయి. ఇప్పుడు తోర్కాసా ఆగకపోయినా చావే, ఆగినా చావే.

"ఒకటో గేరు," అన్నాడు ఫాదర్, తెల్లబడిన ముఖంతో. "అబెలార్దో ఎప్పుడూ ఒకటో గేరులోనే దించేవాడు."

ఎవేలియో గేరు కర్ర మీద చెయ్యి వేశాడు. అరచేయి చెమటతో నీళ్ళు కారుతోంది. గాజు పిడి అయితే సబ్బుముక్కలా జారిపోయేది. ఎద్దుకొమ్ము గరుకుగా అరచేతిని పట్టుకుంది.

"ఒక్క క్షణం," అన్నాడు ఫాదర్. ఎవేలియో చేతి కిందనుంచి బోలుగా ఉన్న పిడి మూత తిప్పి తీసి, వంగి లోపలున్నది గటుక్కున తాగి, మూత మళ్ళీ బిగించాడు. బండి నిండా సోంపు సారా వాసన. "ఇప్పుడు వెయ్యి."

ఒఫేలియా ఆయన వైపు చూసింది.

"ప్రతి ఏడూ ఈ వాలు దిగేముందు ఒక్క గుక్క," అన్నాడు ఫాదర్, మాత ఉన్న వైపు సిలువ గుర్తు వేసుకుంటూ. "నాకు ఈ వాలంటే ప్రాణభయం. అబెలార్దోకు తెలుసు. పిడి పోనివ్వొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. తీర్థజలం ఆరేదాకా కూడా ఆగలేకపోయాను."

ఎవేలియో క్లచ్ తొక్కి, కళ్ళు మూసి, మొత్తం బలంతో కర్రను తోశాడు. ఇంజను లోపల ఇనుము ఇనుమును కొరికింది. బండి ఒక్కసారి గింజుకుని, గర్జించి, వేగం తగ్గింది. సరిపోయేంత కాదు. ముందు దొర్లుతున్న డోలు గానుగ ఆవరణలోకి దారి చూపించింది. గోడకు ఇవతల, ఇంటి ఎత్తున, పిండేసిన చెరుకు పిప్పి కుప్ప ఉంది. డోలు వెళ్ళి అందులో దూరింది. ఎవేలియో దాని వెనకే తిప్పాడు.

కాసేపు లోకమంతా పిప్పే.

తరువాత వెనక నుంచి ఒకటొకటిగా మెత్తటి చప్పుళ్ళు. ఎర్ర లారీ, జీపులు, మోటారు సైకిళ్ళు. కుప్ప అందరినీ ఆదరించింది. చివరి బెలూన్ పేలాక నిశ్శబ్దం.

ఎవేలియో తలుపు తీసుకుని బయట పడ్డాడు. ముందు తొట్టి వైపు చూశాడు. మాత నిలబడే ఉంది. కిరీటం ఒక చెవి మీదికి వాలింది, అంతే. నూబియా ఆమె నడుం వాటేసుకుని ఉంది. విల్మార్ పీఠాన్ని వాటేసుకుని ఉన్నాడు. అందరూ బతికే ఉన్నారు. ఎవేలియో పిప్పిలో మోకాళ్ళ మీద కూలబడి, నెలల తరువాత మొదటిసారి నిండుగా ఊపిరి పీల్చాడు.

"అంటే దయ్యం లేదు," అన్నాడు. నవ్వొచ్చింది. "అద్దం అత్తయ్య. హారన్ విల్మార్. సీటు నూబియా. పిడి ఫాదర్. నెలల తరబడి నేను మీకా భయపడింది? మీ నలుగురూ కలిసి నన్ను చంపేసినంత పని చేశారు."

నలుగురూ తలలు దించుకున్నారు. అతనికి ధైర్యం పెరిగింది. ఇంకా ఏదో అనబోయాడు.

"అయితే బ్రేకులు?" అన్నాడు విల్మార్.

నవ్వు ఆగింది.

"బ్రేకులు నేను ముట్టుకోలేదు," అన్నాడు విల్మార్. "ఆయన నాకు హారన్ ఒక్కటే చెప్పాడు."

"నాకు సీటు ఒక్కటే," అంది నూబియా.

ఫాదర్ రెండు చేతులూ ఎత్తాడు. "నాకు బ్రేకులు విప్పడం రాదు. పిడి మూతే కష్టం మీద విప్పాను."

"మరి కొత్త బ్రేకులు తీసి పాతవి ఎవరు పెట్టినట్టు?" అంది నూబియా. విల్మార్ పీఠం వదిలి ఫాదర్ దగ్గరకు జరిగాడు. చుట్టూ కుప్పలోంచి తలలు లేస్తున్నాయి, పిప్పి అంటుకున్న టోపీలు, మీసాలు. అందరూ తోర్కాసా వైపే చూస్తున్నారు. ఎవరో గుసగుసగా ప్రార్థన మొదలుపెట్టారు.

"ఆయనే," అన్నాడు ఎవేలియో త్వరత్వరగా. "బ్రేకులు మామయ్యే తీశాడు. ఇంకెవరు తీస్తారు?"

ఒరిగిన బండిలోంచి ఒఫేలియా దిగుతుంటే సీటు ముందుకు జారింది. సీటు వెనక నుంచి ఒక అట్టపెట్టె దొర్లి వచ్చి ఆమె కాళ్ళ దగ్గర పడింది. దుకాణంవాడు కట్టిన తాడు ఇంకా విప్పలేదు.

"సీటు మార్చేటప్పుడు చూశాను, అది పాత బ్రేకుల పెట్టె అనుకుని మళ్ళీ అక్కడే పెట్టాను," అంది నూబియా నెమ్మదిగా.

ఒఫేలియా కూర్చుని తాడు విప్పింది. తొందరపడలేదు. నూనె కాగితం తీసింది. లోపల కొత్త బ్రేకు షూలు పుట్టిన రోజున ఉన్నట్టు మెరుస్తున్నాయి.

"అల్లుడూ," అంది. గొంతు పెంచలేదు. "గదిలో ఆయన మా అందరికీ ఒక్కొక్కటి అప్పగించాడు. నీకేం అప్పగించాడు?"

రేడియో ఆ కుదుపులో ఎప్పుడో ఆగిపోయింది. ఇక అతన్ని కాపాడేది ఏదీ లేదు. ఎవేలియో కిరీటం వాలిన మాత వైపు చూశాడు, తలుపు మీది మూడో కన్ను వైపు చూశాడు. రెండు చోట్లా అతనికి దయ కనిపించలేదు.

"ఏమీ మార్చకు అన్నాడు," అన్నాడు. "బ్రేకులు తప్ప."

"మరి?"

"పెట్టె తెచ్చాను అత్తయ్యా, ఒట్టు. కానీ అవి వేయాలంటే చక్రాలన్నీ విప్పాలి, బండి కొన్నాళ్ళు మూలన పడుండాలి. అద్దం, హారన్ అయితే లియోనిదాస్‌కు కనబడతాయి. బ్రేకులు ఎవరికి కనబడతాయి? పండగయ్యాక వేద్దామనుకున్నాను."

ఫాదర్ ఎద్దుకొమ్ము పిడి కోసం బండి వైపు ఒక అడుగు వేసి, అది ఖాళీ అని గుర్తొచ్చి ఆగిపోయాడు.

కుప్ప పై భాగంలో ఎర్ర లారీ తలుపు తెరుచుకుంది. దోన్ లియోనిదాస్ నోట్లోంచి చెరుకు పీచు ఉమ్ముకుంటూ, ఇటు రావడానికి మాత్రం ధైర్యం చాలక, అక్కడి నుంచే కేక వేశాడు.

"దోన్య ఒఫేలియా, ఇంతకీ బ్రేకులు పోగొట్టిన ఆ దయ్యం ఎవరో తెలిసిందా?"

ఒఫేలియా నూనె కాగితాన్ని మళ్ళీ మడత పెట్టింది, పెట్టెను విల్మార్ చేతికిచ్చింది, ఊరంతటికీ వినబడేలా చెప్పింది.

"తెలిసింది. మా అల్లుడు ఎవేలియో."